ఉల్లిపొర మీద గీత

రత్నమాల రికార్డులో పన్నెండు ప్రయోగాలున్నాయి. పదకొండింటి కింద సంతకాలు పడ్డాయి. మొట్టమొదటిదాని కింద పడలేదు.

రేపు పొద్దున్న తొమ్మిదింటికి ప్రాక్టికల్ పరీక్ష. పైనుంచి వచ్చే పరీక్షకుడు ముందు రికార్డులో సంతకాలు చూస్తాడు, ఆ తరవాతే మనిషి మొహం చూస్తాడు. ఒక్క సంతకం తక్కువైనా గుమ్మం బయటే. గుమ్మం బయట నిలబడిందంటే ఆ ఏడాదికి ఆమె చదువు గోవిందా. వచ్చే ఏడాది మళ్ళీ ఇదే రికార్డు, ఇదే ఉల్లిపాయ.

మధ్యాహ్నం రెండయింది. ఊరికి వెళ్ళే బస్సు ఐదున్నరకి. రత్నమాల ల్యాబ్ గుమ్మంలో ఒక కాలి మీద కాసేపు, ఇంకో కాలి మీద కాసేపు నిలబడుతోంది. చేతిలో పెన్సిలు దానంతటదే తిరుగుతోంది.

ఆమె లెక్క ప్రకారం తప్పు ఆమెది కాదు. కాలేజీలో రెండు వారాలు ఆలస్యంగా చేరింది. అప్పటికే మొదటి ప్రయోగం అయిపోయింది. బి బ్యాచి చూసే గవర్రాజు సారు, "దానికేముందమ్మా, ఎవరిదైనా చూసి రాసుకొచ్చెయ్, పెట్టేద్దాం" అన్నాడు. పెట్టేవాడే. సంతకం పెట్టేటప్పుడు ఆయన పేజీ వంక చూడడు, గోడ గడియారం వంక చూస్తాడు. అలా చూసే పదకొండు పెట్టాడు. మిగిలిపోయిన ఆ మొదటిదానికి పెట్టేలోగా ఆయనకి బదిలీ అయింది. బి బ్యాచి మొత్తం తీసుకెళ్ళి ఎ బ్యాచి చూసే ఎస్తేరు మేడం చేతిలో పెట్టారు.

ఎస్తేరు మేడం పాఠం చెప్పేటప్పుడు గలగలా మాట్లాడుతుంది. ల్యాబ్‌లో అడుగు పెట్టిందంటే మాత్రం మాటలు గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి వస్తుంది. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. పిల్లలు ఆవిడకి భయపడరు. ఆవిడ ఊరుకోవడానికి భయపడతారు.

"మేడం, ఒక్క సంతకం" అంది రత్నమాల, పేజీ తెరిచి పట్టుకుని.

మేడం కళ్ళజోడు పెట్టుకుంది. చూసింది. చాలాసేపు చూసింది.

చూడాల్సిన బొమ్మే అది. కాలేజీలో రత్నమాల బొమ్మకి సాటి లేదని అందరికీ తెలుసు, అందరికన్నా ముందు రత్నమాలకి తెలుసు. ఇటుకలు పేర్చినట్టు ఉల్లిపొర కణాలు, మూడు వరసలు. ఒక్కొక్క గదిలో నడిమధ్య ఒక్కొక్క కేంద్రకం, కొలిచి పెట్టినట్టు. అన్నిటినీ మించి, మూడు కణాల మీదుగా కొడవలిలా వంగి సాగిన సన్నటి గీత. దానికి బాణం గుర్తు వేసి 'కణద్రవ్య తంతువు' అని రాసింది. చెయ్యి తిరిగినవాళ్ళకి తప్ప రాని గీత అది. తను చూసి రాసుకున్న, పై తరగతి సరళక్క రికార్డులో ఆ గీత మధ్యలో కాస్త వణికింది. రత్నమాల ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో లాగేసింది.

"ఎవరు గీశారు?" అంది మేడం.

"నేనే మేడం!"

"చూసిందెవరు?"

"ఆఁ?"

"గీసింది నువ్వు. చూసిందెవరు?"

రత్నమాల నోరు తెరిచింది. సరళక్క అందామనుకుంది. సరళక్క చూసిందో లేదో తనకేం తెలుసు! సరళక్క వాళ్ళ పెద్దమ్మ కూతురు రమాదేవక్క రికార్డు చూసి రాసుకుంది. ఆ రమాదేవక్క ఎవరిది చూసిందో భగవంతుడికే తెలియాలి.

"అందరం చూశాం కద మేడం..." అంది.

మేడం రికార్డు మూసి, బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గర జాడీలు తుడుచుకోడానికి వెళ్ళిపోయింది.

*

వరండాలో జరీనా వేరుశనక్కాయలు ఒలుచుకు తింటోంది. జరీనాది ఎ బ్యాచి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బస్సు.

"పెట్టిందా?"

"పెట్టలేదు. ఎవరు చూశారని అడుగుతోందే! చూడకుండా ఎలా గీస్తారే ఎవరైనా!"

"ఎలా గీశావు మరి?"

"నీది ఇలా తే!" అని రత్నమాల జరీనా సంచిలోంచి రికార్డు లాక్కుంది. మొదటి పేజీ తెరిచింది. తెరిచి, నొసలు చిట్లించింది.

అయిదు వంకర గదులు. ఒకదానికి గోడ సగమే ఉంది. పక్కన మూడు లావుపాటి సున్నాలు. వాటి కింద 'గాలి బుడగలు. మొదట ఇవే కణాలనుకున్నాను' అని రాసుంది. కణద్రవ్య తంతువు లేదు. కింద పచ్చ సిరాతో ఎస్తేరు మేడం సంతకం మాత్రం నిక్షేపంలా ఉంది.

రత్నమాలకి అరికాలి మంట నెత్తికెక్కింది. "కాకి గీసినట్టుందే! దీనికి పెట్టిందా సంతకం? అందులో తంతువు కూడా లేదు!"

"కాకీ ఒంటికన్నుతోనే చూస్తుందట. నేనూ అంతే" అంది జరీనా గుల్లలు దులుపుకుంటూ. "నాకేం కనపడలేదమ్మా ఆ తంతువు. కనపడనిది రాస్తే ఆవిడ ఊరుకోదు."

"నీకు చూడ్డం రాక కనపడలేదు."

"అయ్యుండొచ్చు. వెళ్ళి చూడరాదూ? నీకు వచ్చుగా."

రత్నమాల రికార్డు తిరిగి ఆ పిల్ల ఒళ్ళో పడేసి మళ్ళీ లోపలికి నడిచింది. మేడం అడ్డు చెప్పకుండా నోరు మూయించాలి. బొమ్మ తెరిచి, పెన్సిలు చెక్కి, గదిగదిలో సన్నగా చుక్కలు పెట్టింది. కేంద్రకాలకి నీడ దిద్దింది. అచ్చుపుస్తకం పక్కన పెడితే అచ్చుపుస్తకమే చిన్నబోయేట్టు తయారైంది. తీసుకెళ్ళి మేడం ముందు పెట్టింది.

మేడం ఈసారి రికార్డు తెరవను కూడా తెరవలేదు. వెనక్కి తిరిగి, బుట్టలోంచి ఒక ఉల్లిపాయ తీసింది. తీసి రికార్డు అట్ట మీద పెట్టింది, బరువు పెట్టినట్టు.

"సగం చాలు నీకు" అంది. "మిగతా సగం ఇలా ఇచ్చెయ్. సాయంత్రం పులుసులోకి కావాలి."

*

ఏడాదంతా ల్యాబ్‌లో ఉంది గాని రత్నమాల ఉల్లిపొర తీసి ఎరగదు. ఆమాటకొస్తే ఏ పొరా తీసి ఎరగదు. బి బ్యాచిలో మైక్రోస్కోపుకి నలుగురు. ఒకళ్ళు కోసేవాళ్ళు, ఒకళ్ళు రంగు వేసేవాళ్ళు, ఒకళ్ళు చూసేవాళ్ళు. గీసేది రత్నమాల. చూసేవాళ్ళు చెప్తే గీసేది, చెప్పకపోతే ఇంకా బాగా గీసేది. మిగతా ముగ్గురూ ఆమెది చూసి దింపుకునేవాళ్ళు. అందుకని ఆమె ఎప్పుడూ కళ్ళు పుస్తకంలోనే పెట్టేది, మైక్రోస్కోపులో పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు బ్లేడు పెట్టి ఉల్లిపాయ కోసింది. రేక విరిచి, లోపలి పొరని ఫోర్సెప్స్‌తో పట్టి లాగింది. పొర బదులు కండ ఊడి వచ్చింది. దాన్నే ఎర్రరంగులో ముంచి, స్లైడు మీద వేసి, పైన గాజు బిళ్ళ పడేసి, ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో చూసింది.

చీకటి.

"అద్దం గోడ వైపు తిప్పి పెట్టావే" అంది కిటికీ అవతల్నుంచి జరీనా. "వెలుతురు గోడలోంచి వస్తుందా?"

రత్నమాల మైక్రోస్కోపు కింది అద్దం కిటికీ వైపు తిప్పింది. తెల్లగా వెలిగింది. ఎర్రటి మబ్బులాంటిదేదో తప్ప ఏమీ లేదు. మరీ మందంగా ఉంది ముక్క. తీసి పారేసింది.

రెండోసారి పొర వచ్చింది గాని మడతలు పడింది. తడి చీర మూటలా ముడుచుకుపోయి కూచుంది. సూదితో విప్పబోతే చిరిగింది. మూడోసారి గుండ్రంగా, నల్లటి అంచులతో, మెరుస్తూ నాలుగు కనిపించాయి. "అమ్మయ్య!" అని పెన్సిలు అందుకుంది. అందుకుని, జరీనా రికార్డులో మూడు సున్నాలు గుర్తొచ్చి, పెన్సిలు కింద పెట్టేసింది. జరీనా వైపు చూడకుండా గాజు బిళ్ళ ఎత్తి, ఈసారి మెల్లగా, ఒక పక్కనుంచి వాల్చి దింపింది.

గోడ గడియారం మూడు ఇరవై చూపిస్తోంది. కాళ్ళు బల్ల కింద ఆడుతూనే ఉన్నాయి.

నాలుగోసారి కణాలు కనిపించాయి.

ఇటుకల్లాగే ఉన్నాయి. కానీ పుస్తకంలోలా ఒకే కొలతవి కావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకదాని మూల ఇంకోదాంట్లోకి దూసుకుపోయింది. కేంద్రకాలు నడిమధ్య కూచోలేదు. ఎక్కువ భాగం గోడకి జారగిలబడి ఉన్నాయి. కొన్ని గదుల్లో అసలు కనపడనేలేదు.

ఇంకెప్పుడైనా అయితే రత్నమాల ఒక్క క్షణం ఆగి ఉండేదేమో. ఇప్పుడు ఆగే తీరిక లేదు. ఆమె వెతుకుతున్నది వేరే ఉంది. గీత! కొడవలిలా వంగిన గీత ఏదీ? పై వరస చూసింది, లేదు. కింది వరస చూసింది, లేదు. స్లైడు ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపింది. ఎక్కడా లేదు.

లేచి మేడం దగ్గరికి వెళ్ళింది.

"మేడం, ఈ ఉల్లిపాయ మంచిది కాదు."

మేడం జాడీ మీద చీటీ అంటిస్తూ తల తిప్పింది. "ఏమొచ్చింది దానికి?"

"ఇందులో కణద్రవ్య తంతువు లేదండి."

"ఉల్లిపాయది తప్పంటావు."

"సరళక్క ఉల్లిపాయలో ఉంది మేడం. రమాదేవక్క దాంట్లో కూడా ఉంది. వాళ్ళిద్దరికీ ఫస్టు క్లాసులొచ్చాయి."

కిటికీ అవతల జరీనా నోట్లో గుప్పెడు వేరుశనక్కాయలు కుక్కుకుని నవ్వు ఆపుకుంది. మేడం నవ్వలేదు. పెదవి చివర ఏదో కదిలి ఆగిపోయింది.

"ఇంకో పొర తియ్యి" అంది.

*

ఇంకో పొర తీసింది. ఇంకోటి తీసింది. సగం ఉల్లిపాయ అయిపోతే, పులుసులోకని అట్టిపెట్టిన సగం మేడమే తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ ఒక్క మాట అన్నా బాగుండును. తిట్టినా బాగుండును. ఊరికే అలా జాడీలు సర్దుకుంటూ తిరుగుతోంది, రేపు పరీక్ష ఎవరికో అన్నట్టు.

నాలుగుంబావు. నాలుగున్నర.

ల్యాబంతా ఉల్లి ఘాటు. రత్నమాల ముక్కు కారుతోంది, కళ్ళు మండుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి. అందులో ఉల్లి నీళ్ళు ఎన్నో, ఏడుపు నీళ్ళు ఎన్నో ఆమెకే తెలియడం లేదు. ముంజేత్తో తుడుచుకుంటోంది. తుడుచుకున్నకొద్దీ ఎక్కువవుతున్నాయి.

మనసులో మేడాన్ని అనరాని మాటలన్నీ అంటోంది. ఇంత చిన్న గీత కోసం ఒక మనిషి ఏడాది బుగ్గి చేస్తుందా? రాత్రనక పగలనక కూచుని గీస్తే, కాకిపిల్ల గీతలకి పెట్టిన సంతకం నాకు పెట్టదా? గవర్రాజు సారు దేవుడు. ఆయన ఉంటే ఈపాటికి ఇంట్లో కూచుని రేపటికి చదువుకుంటూ ఉండేదాన్ని.

ఏడో పొర. ఇదే ఆఖరు, ఇది కాకపోతే రికార్డు ఇక్కడే పారేసి పోతాను అనుకుంది. స్లైడు పెట్టి, కన్ను తీసుకెళ్ళి గొట్టానికి ఆనించి, నొక్కిపెట్టి చూసింది. గొట్టంలో దూరిపోతుందా అన్నట్టు చూసింది.

ఉంది!

మసకగా, నల్లగా, సన్నగా. మూడు కణాల మీదుగా, కొడవలిలా వంగి. అచ్చం రికార్డులో ఉన్నట్టే. ఒంపు కూడా అదే.

"దొరికింది!" అని గావుకేక పెట్టింది రత్నమాల. "మేడం! తంతువు! దొరికింది మేడం! ఒసే జరీనా, చూడ్డం రాదన్నానా లేదా నీకు!"

జరీనా చేతులు దులుపుకుని లోపలికి పరిగెత్తుకొచ్చింది. ఎస్తేరు మేడం చేతిలో జాడీ కింద పెట్టి, నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడింది.

"కన్ను తియ్యకు" అంది. "కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది మేడం! స్పష్టంగా!"

"స్లైడు జరుపు."

రత్నమాల స్లైడు కుడి పక్కకి జరిపింది. కణాలన్నీ కదిలి ఎడం పక్కకి పోయాయి, రైలు కిటికీలోంచి చూస్తే ఇళ్ళు పోయినట్టు. గీత కదల్లేదు. ఉన్నచోటే ఉంది. ఇప్పుడు దాని కింద వేరే మూడు కణాలున్నాయి.

ఆమె వేళ్ళు ఆగాయి. మళ్ళీ జరిపింది. కణాలు పోయాయి. గీత ఉంది. స్లైడు పూర్తిగా బయటికి లాగేసింది. తెల్లటి వెలుతురు. ఆ వెలుతురు మీద, ఏ ఉల్లిపొరా లేకుండా, కణద్రవ్య తంతువు.

"మేడం..."

"రెప్ప వెయ్యి" అంది మేడం.

రత్నమాల రెప్ప వేసింది.

గీత కూడా వేసింది.

*

జరీనాకి నవ్వు వచ్చింది గాని స్నేహితురాలి చెవులు ఎర్రబడడం చూసి మింగేసింది.

రత్నమాల తల ఎత్తింది. కన్నీళ్ళకి రెప్పల వెంట్రుకలు గుంపులు గుంపులుగా అంటుకుని ముళ్ళలా నిలబడ్డాయి. ఒక వేలితో వాటిని తడుముకుంది.

"అంటే సరళక్క కూడా..." అంది. "కాదు. సరళక్క చూడలేదు. వాళ్ళ అక్క... ఆవిడా చూసి ఉండదు." "మరి మొదట గీసిందెవరు? ఎవరో ఒకళ్ళు చూసే గీసుండాలిగా! ఎవరా తెలివితక్కువ మనిషి?"

మేడం తాళాలగుత్తి తీసి మూల ఉన్న బీరువా తెరిచింది. అడుగు అరలోంచి, అట్ట ఊడి దారం కట్టిన పాత రికార్డొకటి తీసి, తెచ్చి, బల్ల మీద పెట్టింది. పెట్టి, కిటికీ వైపు వెళ్ళి నిలబడింది.

రత్నమాల దారం విప్పింది. కాగితం పసుపురంగుకి తిరిగింది. మొదటి పేజీ. 'ఉల్లిపొర పరిశీలన'. వంకర గదులు, పొట్టివీ పొడుగువీ. కేంద్రకాలు గోడలకి జారగిలబడి ఉన్నాయి. రెండు గదుల్లో లేనే లేవు. ఇందాక తను చూసినట్టే. వాటి మీదుగా, కొడవలిలా వంగి, ఒక గీత. 'కణద్రవ్య తంతువు'.

ఆ మాట పక్కనే ఎర్ర సిరాతో ఎవరో పెద్ద టిక్కు పెట్టారు. కింద 'చాలా బాగుంది' అని ఉంది.

రత్నమాల వెనక్కి తిప్పి పేరున్న పేజీ చూసింది. ఇదే కాలేజీ. ఇరవై మూడేళ్ళ కిందటి తేదీ. 'కుమారి బి. ఎస్తేరు'.

తెలివితక్కువ మనిషి అన్న మాట ఇంకా ఆ గదిలోనే ఎక్కడో తిరుగుతోంది. వెనక్కి పిలుచుకునే దారి లేదు.

"మేడం, నేను... మీరని తెలీక..."

"చాలామంది అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు నా రికార్డు" అంది మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ. "అన్ని మార్కులొచ్చాయి కదా."

రత్నమాలకి సిగ్గు ముందొచ్చింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది. మూడు గంటల కోపం, ఏడు పొరల కోపం.

"మరి మీకు తెలుసు కద మేడం!" అంది. గొంతు పెరిగింది. "ఎప్పుడో తెలుసు కదా మీకు! ఇన్నాళ్ళూ ఇంతమంది గీస్తుంటే ఊరుకున్నారా? 'అది తంతువు కాదర్రా, కనురెప్ప వెంట్రుక' అని ఒక్క మాట చెబితే పోయేదిగా! నన్నిలా ఏడిపించకుండా!"

"ఒసే, మెల్లగా" అంది జరీనా.

మేడం వెనక్కి తిరిగింది. ఆవిడ మొహంలో కోపం లేదు.

"చెప్పాను" అంది. "ఇక్కడికి పనికొచ్చిన మొదటి ఏడాది, రెండు బ్యాచులకీ చెప్పాను. బోర్డు మీద రాసి మరీ చెప్పాను."

"మరి?"

"ఆ ఏడాది ఏ రికార్డులోనూ గీత లేదు."

"చూశారా మరి! చెబితే..."

"బుట్టలో ఉల్లిపాయలు ఎవరూ కొయ్యక మొలకలెత్తాయి" అంది మేడం.

అని మళ్ళీ జాడీ అందుకుంది.

రత్నమాల ఇంకేదో అనబోయింది. బల్ల మీద తొక్కలు, చిరిగిన పొరలు, ఎర్రరంగు మరకలు, ఏడు స్లైడులు. వాటి వంక చూసింది.

*

తరవాత ఆమె తన రికార్డు తెరిచింది. రబ్బరు తీసింది.

జరీనా చెయ్యి పట్టుకుంది. "అయ్యో, ఏం చేస్తున్నావే! అంత బొమ్మని!"

రత్నమాల చెయ్యి విడిపించుకుని చెరపడం మొదలుపెట్టింది. నీడలు పోయాయి. చుక్కలు పోయాయి. కొలిచి పెట్టిన కేంద్రకాలు ఒక్కొక్కటే పోయాయి. ఆఖరికి గీత కూడా పోయింది గాని దాని గాడి పోలేదు. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో లాగింది కదా, కాగితంలో దిగబడిపోయింది. వెలుతురికి ఏటవాలుగా పెడితే కనపడుతూనే ఉంది.

ఏడో స్లైడు మళ్ళీ పెట్టింది. కళ్ళు పమిటతో శుభ్రంగా తుడుచుకుంది. గొట్టానికి కాస్త ఎడంగా కన్ను ఉంచి చూసింది. చూసి గీసింది. గీసి మళ్ళీ చూసింది. ఇంతకు ముందు చెయ్యి ఎక్కడా ఆగేది కాదు. ఇప్పుడు ప్రతి గోడ దగ్గరా ఆగుతోంది. అయిదు గదులు వచ్చాయి. ఒకటి మరీ పొడుగు. ఒక మూల చిన్న గాలి బుడగ, దాన్నీ వదల్లేదు. తను పుట్టి బుద్ధెరిగాక గీసిన బొమ్మలన్నిట్లోకీ అనాకారిది అదే.

గాడి మాత్రం ఆ గదుల మీదుగా అలాగే ఉంది. కాసేపు దాని వంక చూసింది. బాణం గుర్తు వేసి, 'కణాల్లోది కాదు. నా కనురెప్ప' అని రాసింది.

మేడం వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. 'బాగుంది' అనలేదు. టిక్కు పెట్టలేదు. పచ్చ సిరా కలం తీసి సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేదాకా ఊది, ఇచ్చేసింది.

ఐదుంబావు. రోడ్డు మీద బస్సు హారను వినిపించింది.

"అమ్మయ్య, పదవే!" అంది జరీనా సంచి భుజాన వేసుకుంటూ. "ఇప్పుడు పోతే సీటు దొరుకుతుంది. ఇది పోతే ఏడింటిదాకా లేదు, అందులో నిలబడే పోవాలి."

"ఊఁ" అంది రత్నమాల. రికార్డు సంచిలో పెట్టబోయి, ఏమనుకుందో, పేజీ తిప్పింది.

రెండో ప్రయోగం. ఆకు అడుగున ఉండే రంధ్రాలు. దాని కింద గవర్రాజు సారు సంతకం గుండ్రంగా, జిలేబీ చుట్టలా ఉంది. పైన పదహారు రంధ్రాలు, అన్నీ ఒక్క వైపే తిరిగి, ప్రార్థనకి వరసల్లో నిలబెట్టిన బడిపిల్లల్లా ఉన్నాయి. ఎంతో ముచ్చటగా వేసింది. అన్నీ ఒక్క వైపే తిరిగి ఉంటాయా?

"వస్తున్నావా లేదా? సంతకం పడిందిగా!"

"నువ్వు వెళ్ళు. నేను ఏడింటి దానికొస్తా."

"పిచ్చా నీకు? రేపు పరీక్ష!"

రత్నమాల వినిపించుకోలేదు. ల్యాబ్ మెట్ల పక్కన కుండీలో అడుగు ఊదారంగుగా ఉండే ఆకుల మొక్క ఒకటుంది. ఏడాదిగా రోజూ దాన్ని దాటుకునే లోపలికి వస్తోంది. వెళ్ళి ఒక ఆకు తుంచుకొచ్చింది.

"బ్లేడు ఎక్కడ పెట్టానే?" అంది బల్ల మీద వెతుక్కుంటూ.

జరీనా గుమ్మం దగ్గర నిలబడి ఆమెని చూసింది, రోడ్డు వైపు చూసింది. సంచి దింపి, తొక్కల కిందున్న బ్లేడు తీసి ఇచ్చింది.

ల్యాబ్‌కి తాళం వెయ్యడానికి ఎస్తేరు మేడం గుత్తి చేతిలోకి తీసుకుంది. ఒకసారి ఆ పిల్లలిద్దరి వంకా చూసింది. గుత్తి మళ్ళీ బల్ల మీద పెట్టేసి, కుర్చీ లాక్కుని కూచుంది.